కిలో లెక్కన

మూలాపేటలో మాకు కింద ఒక గది, మిద్దె మీద ఒక గది.
తమ్ముడు మాలకొండ తెల్లారుజామున
కోవూరు పెళ్లి నుంచో బుచ్చి పెళ్లి నుంచో వచ్చి
కెమెరా కార్డులు కింది కంప్యూటర్లోకి దించి
చొక్కా అయినా విప్పకుండా పడి నిద్రపోతాడు.
ఆ పెళ్లి పైకి, నా దగ్గరికి రావాలి.
ఒక్కో పెళ్లి రెండొందల జీబీ.
వైఫైలో మెట్లెక్కేసరికి మూడు గంటలు.
ఎదురుకోలు వచ్చి కూర్చునేది,
జీలకర్రా బెల్లం ఇంకా కిందే ఉండేది.
చారు కాచి, అన్నం వార్చి వచ్చి చూస్తే
అరవై ఒక్క శాతం.

ట్రంకురోడ్డు షాపులో కొత్తది అడిగితే
ఆ పిలకాయ నోటితో చెప్పకుండా
క్యాలిక్యులేటర్ నావైపు తిప్పాడు.
"అట్నేలే, మళ్లీ వస్తా" అన్నా.
అలా అన్నవాళ్లు రారని వాడికీ తెలుసు.

స్టోన్‌హౌస్‌పేటలో ఖాదర్ మస్తాన్ పాత ఇనుము కొట్టు.
ఫ్రిజ్జు తలుపులు, ఆటో సైలెన్సర్లు, పగిలిన మిక్సీ గిన్నెలు,
వాటి వెనక దుమ్ములో
ఇరవై నాలుగు నోళ్ల స్విచ్చి.
చివర్న విడిగా ఇంకో రెండు, పది గిగాబిట్లవి.
ఆ రెండిటి కోసమే నెల రోజులుగా చెప్పులరగదీసింది.
ఆయన దాన్ని కాటా మీద పెట్టాడు.
నాలుగు కిలోల రెండొందల గ్రాములు.
"ఇనుము రేటు కాదమ్మా, దీంట్లో రాగి ఉంది."
దీంట్లో ఉన్నదేందో నాకు తెలుసు,
తెలియని ముఖం పెట్టుకుని నిలబడ్డా.
పద్నాలుగొందలన్నాడు. పదకొండొందలకి దించా.
ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చా, దొంగసొమ్ములాగా.

మూత విప్పితే లోపలంతా ఉప్పు.
ఫ్యాను తిరిగితే వరికోత మిషను ఇంట్లోకొచ్చినట్టు.
గోడవతల నుంచి రమీజాబీ "ఏందిమే ఆ మోత" అంది.
కొత్త ఫ్యాను నూట ఎనభై.
మద్రాసు నుంచి రెండు పాత కార్డులు తెప్పిస్తే
ఒకటి చచ్చి వచ్చింది, మళ్లీ పంపించా.
మెట్ల గోడ వెంబడి ఫైబర్ తీగ లాగాడు మాలకొండ,
పచ్చగా, పసుపు పూసిన నూలుపోగంత.
మడత పడితే తెగుతుందని
పసిబిడ్డ మెడ పట్టినట్టు పట్టుకున్నాడు.

అంతా అయ్యాక మీట నొక్కితే
మళ్లీ గంట.
ఆరు వరసల రోడ్డేసి దాని మీద ఎడ్లబండి తోలినట్టు
హార్డుడిస్కు పాతది!
చిట్టీ పాట పాడి ఎస్సెస్డీలు కొన్నా,
ఎంత పోగొట్టుకుని పాడానో మాలకొండకి చెప్పలేదు.

అప్పుడు, ఏడు నిమిషాలు.
పొయ్యి మీద పాలు పొంగేలోపు
తలంబ్రాలు పైకొచ్చేశాయి.

స్విచ్చి నోళ్లకింద కాగితం ముక్కలు, బాల్‌పెన్ను రాత.
గుంట 1, గుంట 2, అట్టా పదకొండు దాకా.
మేత గోడౌను. మోటర్ల రూము.
పదిహేడో నోటి కింద, పోలయ్య గది.
కరెంటు తాడు కోసం మళ్లీ పోయినప్పుడు అడిగా.
విడవలూరు అవతల రొయ్యల కంపెనీ అంట,
తెల్లమచ్చ వచ్చి రెండు పంటలు పోయి మూసేశారంట.
కాపలా పోలయ్యకి నాలుగు నెలల జీతం బాకీ,
జీతం బదులు ఏదో ఒకటి ఎత్తుకుపొమ్మన్నారంట.
"మోసుకొచ్చి ఇచ్చి, అమ్మేముందు
ఒక్కసారి కరెంటు పెట్టి చూపించమన్నాడు.
రాత్రిళ్లు ఆ దీపాలు చూసే గుంటలు కాచేవాడంట.
ఏ దీపం ఆరితే ఆ గట్టు మీదికి పరుగు."
"ఎంతిచ్చావు భాయ్?"
మస్తాన్ తాడు చుట్టడంలో పడ్డాడు.
నేను తగ్గించిన మూడొందలు
ఎవరి లెక్కలోంచి పోయాయో మళ్లీ అడగలేదు.

ఆ కాగితాలు పీకలేదు.
వెలిగేవి నాలుగైదు, మిగతావన్నీ చీకటి.
ప్రింటర్ తీగ ఏ నోట్లో పెట్టినా ఒకటే.
పోలయ్య గదిలో పెట్టా.
దానికి వేగంతో పనిలేదు.
రాత్రి పెళ్లికూతురి ముఖం సరిచేస్తూ
మధ్యలో ఒకసారి అటు చూస్తా,
వెలుగుతోందా, లేదా.